నాలుగో తీగ, మూడో తీగ

సూర్యాపేటలో గిటార్ కొన్న కుర్రాడు ఎవడైనా సరే, మొదటి వారంలో వాయించేది ఒకటే. డీప్ పర్పుల్ వాళ్ళ ‘స్మోక్ ఆన్ ది వాటర్’ ఎత్తుగడ. దాదాపు ప్రతివాడూ దాన్ని తప్పే వాయిస్తాడు. ఒక్క తీగ మీద సున్నా, మూడు, ఐదు అని వేలు జరుపుకుంటూ పోయి, వచ్చేసిందని మురిసిపోతాడు. అది రాలేదు నాయనా! ఆ బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాయించింది రెండు తీగల మీద. నాలుగో తీగ, మూడో తీగ ఒకేసారి మోగాలి. కింద మంద్ర పంచమం, పైన షడ్జమం. అదీ పిక్‌తో గీకితే కాదు, రెండు వేళ్ళతో చిమటాలా పట్టి లాగాలి. పిక్‌తో కొడితే ఒక తీగ ముందు, ఒకటి వెనక పలుకుతాయి. వేళ్ళతో లాగితే రెండూ ఒక్క క్షణంలో పుడతాయి. పాట బలమంతా అక్కడే ఉంది. స, గ, మ అని వెళ్ళి, రెండోసారి ప్రతిమధ్యమాన్ని అలా తాకి శుద్ధమధ్యమంలోకి జారడం చూడండి. ఎంత పొగరు, ఎంత పొదుపు!

1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో ఊళ్ళో కచేరీ జరుగుతుండగా క్యాసినో తగలబడింది. సరస్సు మీద కమ్మిన ఆ పొగే ఈ పాటయింది. మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే ఇలాంటి ఎత్తుగడనే రిఫ్ అంటారు. మనవాళ్ళకు అదేమిటో చెప్పాల్సి వస్తే నేను బుర్రకథ దగ్గరికి వెళ్తాను. కథకుడు ఎంత దూరం పోయినా వంత అందుకునేవాళ్ళు అతన్ని లాక్కొచ్చి అదే చోట నిలబెడతారు కదా. రిఫ్ చేసే పనీ అదే.

మా ఊళ్ళలో గిటార్ ముందు కనబడింది చర్చిలో. ఆదివారం ఆరాధనలో, క్రిస్మస్ క్యారల్స్‌లో వాయించే అన్నలే మా గురువులు. పగలు దేవుని పాటలు, సాయంత్రం గది తలుపేసుకుని లెడ్ జెప్పెలిన్. గిటార్ స్పెయిన్‌లో పుట్టిందంటారు, అమెరికావాళ్ళు దానికి కరెంటు ఎక్కించారంటారు, అదంతా తెలిసినవాళ్ళు రాస్తారు. నాకు తెలిసింది మే నెల ఎండకు చవక గిటార్ల జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుందని, తీగలు మెట్లకు దూరమై పిల్లల వేళ్ళు కోసుకుపోతాయని. నోట్లు రాసిన పుస్తకాలు దొరికేవి కావు. కోదాడ నుంచో మిర్యాలగూడ నుంచో ఎవరో ఒక క్యాసెట్ తెస్తే, అది మూడు ఊళ్ళు తిరిగేది. నాలుగు క్షణాల ముక్కను యాభైసార్లు వెనక్కి తిప్పి వినేవాళ్ళం. టేపు సాగిపోయి శ్రుతి దిగిపోయేది. మేం ఆ దిగిన శ్రుతికే గిటార్ కట్టుకునేవాళ్ళం.

మా గురువు ఎప్పుడూ ఒకటే కసిరేవాడు: “ఎందుకురా ఉరుకుతున్నవ్? తీగ ఏడ్వాలె, నువ్వు గాదు.” ఆయన ఏడిపించడమన్నది బెండ్‌ని. తీగను మెట్టు మీద నొక్కి, అక్కడే పక్కకు లాగి పై స్వరం పలికించడం. వీణలో గమకం పుట్టేదీ అలాగే. నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్యకు పన్నెండు మెట్ల కిన్నెర 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టింది. మెట్టు అన్న మాట మనకు అంత దగ్గరిది, ఫ్రెట్ అని ఎందుకనాలో నాకర్థం కాదు. గిటార్ మీద కూడా పన్నెండో మెట్టు సరిగ్గా తీగ నడిమధ్యన ఉంటుంది, అక్కడ పై షడ్జమం పలుకుతుంది. రాక్ సోలోలు ఎక్కువగా నడిచే ఐదు స్వరాలు స, గ, మ, ప, ని. సాధారణ గాంధారం, కైశికి నిషాదం. అంటే మన శుద్ధ ధన్యాసి! ఈ మాట చెప్పగానే సంగీతం నేర్చుకున్న ఇంటి పిల్లల కళ్ళు మెరుస్తాయి. పరాయి వాద్యం అని ముక్కు విరిచేవాళ్ళకు పాలకొల్లు యు. శ్రీనివాస్‌ను చూపించండి. ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కృతి వాయించి అలాంటివాళ్ళ నోరు మూయించాడాయన.

రాక్ గిటారిస్టుల్లో నేను డేవిడ్ గిల్మర్ పక్షం, దాచను. క్షణానికి పదహారు స్వరాలు కురిపించేవాళ్ళు ఉంటే ఉండనీండి. ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’లో ఆయన నాలుగు స్వరాలు వదిలి ఆగుతాడు. నాలుగే! ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని కూడా ఆయనే వాయించినట్టుంటుంది. ‘కంఫర్టబ్లీ నంబ్’ చివరి సోలోలో మధ్యమం మీద వేలుంచి పంచమం దాకా లాగే బెండ్ ఒక్కటి సరిగ్గా రావడానికి నాకు ఏడాది పట్టింది. కొంచెం తక్కువైతే అపస్వరం, కొంచెం ఎక్కువైతే అరుపు. చెవి చెప్పినచోట వేలు ఆగాలి.

ఇక ‘హోటల్ కాలిఫోర్నియా’. ఎనిమిది కార్డుల చక్రం, మొదటిదే బి మైనర్. చూపుడువేలు తీగల మీద అడ్డంగా పడుకోవాలి. ఎందరో గిటార్ అమ్ముకున్నది ఇక్కడే. చివర డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరి గిటార్లూ ఒకదానికొకటి అందించుకుంటూ, ఆఖరికి జంటగా దిగివస్తాయి. ఒంటరిగా నేర్చుకుంటే సగం పాటే వస్తుంది, జతగాడు కావాలి. నా జతగాడు మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమస్తా. ఆదివారం వచ్చేవాడు, చొక్కా మీద ఇంకా తవుడుండేది.

అతనికి టోనీ అయోమీ అంటే ప్రాణం. కారణముంది. అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల కార్ఖానా కూలీ. పదిహేడో ఏట, పని మానేసే రోజునే యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి గనుక తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, తీగలు వదులు చేసుకున్నాడు. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డులో ఆ తొడుగుల వేళ్ళే వినబడతాయి. మిల్లు బెల్టులో చెయ్యి పడ్డవాళ్ళను ఎరిగిన మనిషికి ఆ బరువు వేరుగా వినిపిస్తుంది.

2007లో ‘హ్యాపీడేస్’ వచ్చాక కోదాడ ఇంజనీరింగ్ హాస్టళ్ళలో మంచం కిందికొక గిటార్ చేరింది. సంతోషించాం. కానీ ఏం జరిగింది? నాలుగు సులువు కార్డులు, మెడకొక క్యాపో, అన్ని పాటలకూ ఒకే గీకుడు. బి మైనర్ కష్టమా, ఎత్తి పారెయ్. బెండ్ రాదా, తెరమీద నెంబర్లు చూసి నొక్కెయ్. ఇప్పుడైతే ముప్పై క్షణాల వీడియో కోసం సోలో మొదటి తునక నేర్చుకుని, మిగతా ఐదు నిమిషాల పాట ఎలా ఉంటుందో కూడా వినని వీరులున్నారు. చర్చిలో కీబోర్డు మీద ఒక మీట నొక్కితే గిటార్ మోత వస్తోంది, వాయించే అన్నను పిలవడం మానేశారు. ఆ మోతలో వేలు తీగమీద జారిన చప్పుడుండదు. దాన్ని గిటార్ అనడం నాకు మనసొప్పదు. మిమ్మల్ని బతిమాలుతున్నాను, పిల్లలకు గిటార్ కొనిపెట్టే ముందు ఒక పాటను మొదలు నుంచి చివరిదాకా వినిపించండి. పది పాటలు సగం సగం కాదు, ఒక్కటి పూర్తిగా.

మొన్న మిర్యాలగూడలో నా జతగాడి ఇంట్లో పక్కింటి పిల్ల, పదమూడేళ్ళుంటాయి, ఆ ‘స్మోక్’ ఎత్తుగడ వాయించింది. నాలుగో తీగ, మూడో తీగ, రెండు వేళ్ళతో లాగి. ఎవరు చెప్పారమ్మా అనడిగాను.

“ఎవలు చెప్పలే సార్. ఇంటుంటే ఒక్క తీగ సాలుతలేదనిపిచ్చింది.”

నా కోసం కొనుక్కున్న కొత్త తీగల సెట్టు సంచీలోనే ఉంది. ఆ పిల్లకు ఇచ్చి బస్సెక్కాను.