పిచ్చిగీతలా, తొలిరాతలా? – నల్లగొండ, పాలమూరు శిశువుల రేఖావికాసాన్ని కొలిచే ప్రమాణాలపై విమర్శ

తెలుగులో ‘వ్రాయు’ ధాతువు ఒకప్పుడు రెండు పనులు చేసేది. అక్షరం వ్రాసేవారు, బొమ్మా వ్రాసేవారు. కావ్యభాషలో చిత్తరువు వ్రాయడం సహజమైన ప్రయోగం. శ్రీకాళహస్తి కలంకారీని ‘వ్రాతపని’ అనడంలో ఆ పాత అర్థం నేటికీ నిలిచి ఉంది. ఆధునిక వ్యవహారం ఈ పనులను వేరుచేసింది. అక్షరం రాస్తారు, బొమ్మ గీస్తారు, ముగ్గు వేస్తారు. ఈ పంపకంలో ఏ వాటాలోకీ రాని గీత ఒకటి మిగిలిపోయింది. ఏడాదిన్నర దాటి మూడేళ్ళు నిండని శిశువు బొగ్గుముక్కతో గోడమీద, పుల్లతో మట్టిలో లాగే గీత అది. దానికి లోకం పెట్టిన పేరు ‘పిచ్చిగీత’. శిశువికాసానికి సంబంధించిన తెలుగు రచనల్లోనూ తరచు ఇదే పదం పరిభాషగా కనిపిస్తుంది. ఒక దశను వర్ణించవలసిన పదంలోనే దానిపై తీర్పు చేరిపోయింది.

ఈ గీతలకు క్రమం ఉందని గుర్తించినవారు లేకపోలేదు. 1927లో ఫ్రెంచి పండితుడు లూకే, శిశువు ముందు గీత గీసి, ఆ తర్వాతే అందులో ఏదో ఒక రూపాన్ని పోల్చుకుంటాడని చూపాడు. 1947లో లోవెన్‌ఫెల్డ్ రెండు నుంచి నాలుగేళ్ళ వయసును గీతల దశగా గుర్తించి, అదుపులేని గీత, అదుపులోకి వచ్చిన గీత, వలయగీత, పేరు పెట్టిన గీత అనే మెట్లను సూచించాడు. రోడా కెలాగ్ 1969 నాటి గ్రంథంలో ఇరవై మూలగీతలను వర్గీకరించింది. వీరందరికంటే వైగోత్‌స్కీ ఆలోచన తెలుగు పరిశోధకులకు ఎక్కువ ఉపయోగపడుతుంది. రాతకు ముందుచరిత్రను ఆయన శిశువు చేతి సంజ్ఞలోనూ, ఆటలోనూ, బొమ్మలోనూ వెదికాడు. చిక్కు సిద్ధాంతాలలో కన్నా వాటిని కొలమానాలుగా మార్చి ఇక్కడి పిల్లలపై ఉన్నదున్నట్టు మోపడంలో ఉంది.

నేల, పలక, కాగితం

కెలాగ్ వర్గీకరణకు ఆధారం భద్రపరచిన కాగితాలు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో శిశువు తొలిగీతకు దొరికే తలం చాలాసార్లు కాగితం కాదు. చెల్క నేలల ఎర్రమట్టి, సానుపు చల్లిన వాకిలి, జాజు పూసిన గోడ, అక్కకో అన్నకో చెందిన పలక. ఇవన్నీ చెరిగిపోయేవే. వాకిట్లో తల్లి చుక్కలు పెడుతుంటే పక్కన గొంతుక్కూర్చున్న బిడ్డ గుప్పెడు ముగ్గుపిండి ఒలకబోసి వేలితో అటూఇటూ లాగుతుంది. మరునాటి చీపురుతో తల్లి ముగ్గూ పోతుంది, బిడ్డ గీతా పోతుంది. కాగితాలను సేకరించి ఫలితాలు ప్రకటించే అధ్యయనానికి ఇక్కడి సామగ్రిలో ప్రధాన భాగం అందదు. అందనిదాన్ని లేనిదిగా లెక్కకడితే ఆ పిల్లలు ‘వెనుకబడినవారు’ అవుతారు.

తలం మారితే శరీరమూ మారుతుంది. మట్టిలో గీసే బిడ్డ చేయి భుజం నుంచి కదులుతుంది. గీత చుట్టూ తానే తిరుగుతుంది. ఆ గీతకు పైనా కిందా అనే నియమం లేదు. కాగితం ముందు కూర్చోబెట్టగానే ఆ నియమం వచ్చిపడుతుంది. ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జార్చడం చూసి అనుకరించే బిడ్డకు వేళ్ళ పట్టులో ఒక సాధన దొరుకుతుంది. పెన్సిలు పట్టును మాత్రమే చూసే పరీక్ష ఆ సాధనను పట్టించుకోదు. జీవితంలో మొదటిసారి పెన్సిలు ముట్టిన రోజునే పరీక్ష కూడా పెట్టడం ఏ విధంగా న్యాయమో దాన్ని రూపొందించినవారే చెప్పాలి.

లిపి అడిగే గీత

ప్రీస్కూలు అభ్యాస పుస్తకాలు నిలువుగీత, అడ్డగీత, ఏటవాలు గీతలతో మొదలవుతాయి. దీనికి వికాసశాస్త్రంలో కొంత సమర్థన ఉంది. చూసి గీయడంలో శిశువు సుమారు రెండేళ్ళకు నిలువుగీతను, మూడేళ్ళకు వృత్తాన్ని, నాలుగేళ్ళకు కూడిక గుర్తును, ఐదేళ్ళకు త్రిభుజాన్ని సాధిస్తుందన్నది ప్రసిద్ధమైన క్రమం. అయితే చూసి గీయడం వేరు, తనంత తాను గీయడం వేరు. వృత్తాన్ని మూయడం రాకముందే శిశువు చేయి సుడులు తిరుగుతూనే ఉంటుంది. ఏటవాలు గీతల సాధన ఆంగ్ల పెద్దక్షరాలకు అవసరం. తెలుగు లిపి అడిగేది వంపును. సున్న అంటే మూసిన వృత్తమే. దానికి తలకట్టు చేర్చితే ‘ర’. ‘అ’లో వంపు లోపలికి తిరిగి మళ్ళీ మలుపు తీసుకుంటుంది కనుక వర్ణమాలలో మొదటిదైనా చేతికి సులభం కాదు. గుడి పైన, వత్తు కింద, కొమ్ము పక్కన చేరే ఈ లిపికి కావలసిన స్థలజ్ఞానం గీతల పుటలతో రాదు. తల పైన, కాళ్ళు కింద పెట్టి మనిషి బొమ్మ వేసే బిడ్డ ఆ జ్ఞానాన్నే సాధన చేస్తుంది.

ఇక్కడ అక్షరాభ్యాసాన్ని దోషిగా నిలబెట్టడం సరికాదు. బియ్యంలో బిడ్డ వేలు పట్టి ఓనమాలు దిద్దించడం ఒకరోజు పండుగ. ఆ తర్వాత నెలల తరబడి అదే అక్షరంపై బలపం అరిగేదాకా దిద్దించే అలవాటును విమర్శించాలి. దిద్దే బిడ్డ చేయి పెద్దల గీతను అనుసరిస్తుంది. తన ఊహను పరీక్షించుకునే అవకాశం ఆ చేతికి ఉండదు. ఎమీలియా ఫెర్రేరో, ఆనా తెబెరోస్కీ 1979లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలు రాకముందే పిల్లలు బొమ్మకూ రాతకూ తేడా గ్రహిస్తారని నిరూపించింది. ఒకే అక్షరం ఉన్నదాన్ని చదవదగినదిగా చాలామంది పిల్లలు ఒప్పుకోలేదని కూడా వారు గమనించారు. అది స్పానిష్ మాట్లాడే పిల్లలపై జరిగిన పని. ‘రా’, ‘పో’, ‘ఈ’ వంటి ఏకాక్షర పదాలు నిత్యం వినిపించే తెలుగులో ఈ ఊహ నిలుస్తుందా అన్నది పరీక్షించవలసిన ప్రశ్న. పరీక్షించకుండా ఉటంకించడం వల్ల ప్రయోజనం లేదు.

పేరు పెట్టిన గీత ఏ భాషలో?

లోవెన్‌ఫెల్డ్ మెట్లలో చివరిదాన్ని నిర్ణయించేది గీత కాదు, మాట. చిందరవందరగా ఉన్న సుడినే చూపి బిడ్డ ‘మేక’ అంటే మెట్టు మారినట్టే. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల లంబాడా తండాల్లో ఆ మాట గోర్‌బోలీలో వస్తుంది. తెలుగు మాత్రమే తెలిసిన పరిశీలకుడు దాన్ని కేరింతగా నమోదుచేస్తే, పేరు పెట్టిన గీత తిరిగి ‘పిచ్చిగీత’ అవుతుంది. భాష తెలియని లోపం పరిశీలకునిది, తక్కువ మార్కు బిడ్డది.

వలసది మరో చిక్కు. పాలమూరు లేబరుగా దేశమంతటా కాలువలు, ఆనకట్టలు కట్టిన కుటుంబాలతోపాటు పసిపిల్లలూ పనిచోటికి వెళ్ళారు. ఇసుకకుప్ప దగ్గర గీసిన గీత ఏ ఊరి లెక్కలోనూ చేరదు. ఊళ్ళో ఉన్న బిడ్డ పరిస్థితి అంతకన్నా మెరుగని చెప్పలేం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పూర్వప్రాథమిక విద్య మూడు నుంచి ఆరేళ్ళవారికే. 2020 జాతీయ విద్యావిధానపు పునాది దశ కూడా మూడేళ్ళకే ఆరంభమవుతుంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళదాకా ఉన్నవారి కోసం ‘నవచేతన’ చట్రం 2024లో గానీ రాలేదు.

ఈ జిల్లాల్లో క్షేత్రపరిశీలనకు వెళ్ళేవారు గీత నకలుతోపాటు నమోదుచేయవలసినవి కొన్ని ఉన్నాయి. గీసిన తలం ఏది, పనిముట్టు ఏది, బిడ్డ కూర్చున్న తీరు ఏమిటి, గీత చుట్టూ తిరిగిందా, గీస్తూ ఏ భాషలో ఏమంది, పక్కన ఎవరు ఏం చేస్తున్నారు, గీతను ఎవరు ఎప్పుడు చెరిపారు. వాకిలి ఊడ్చే వేళకు ముందే అక్కడికి చేరుకోవలసి ఉంటుంది.