ఆగడం తెలిసిన చేయి

లక్సెట్టిపేటలో బాలింతను చూడ్డానికి వెళ్ళినవాళ్ళు, బిడ్డ ఎవరి పోలికో చూడకముందే అడిగే మాట ఒకటుంది: "నార్మలా, పెద్దాపరేషనా?" ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద అది 21.5. గోదావరి అవతల కరీంనగర్ జిల్లాలోనైతే 80 కూడా దాటింది. ఇలాంటి రాష్ట్రంలో, కోయడం బాగా వచ్చిన ఒక డాక్టరు, అక్కర్లేని కోత పడకుండా చూడటమే తన పనిగా పెట్టుకున్నారు. ఆమె డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్.

ఆమె తల్లిదండ్రులు 1948లో హైదరాబాద్‌లో రెండు పడకలతో మొదలుపెట్టిన ప్రసూతి ఆసుపత్రిని ఆమె పెద్దది చేశారు. కానీ నాకు ఆ భవనాలకంటే లేబర్ రూంలోని పని మీదే మక్కువ.

ఆ పని చూసేవాళ్ళకు పనిలా కనిపించదు. తల్లి పొట్టమీద అరచేయి ఆనించి, పది నిమిషాల్లో నొప్పులు ఎన్నొచ్చాయో, ఒక్కోటి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టాలి. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. పావుగంటకోసారి, ముక్కే దశలో అయిదు నిమిషాలకోసారి వినాలి. అదీ నొప్పి తగ్గీ తగ్గగానే, నిండా ఒక నిమిషం పాటు. నొప్పికి తగ్గిన గుండె మళ్ళీ తేరుకుంటోందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. గర్భాశయ ముఖద్వారం గంటకు సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదని కంగారుపడి కాన్పును తొందరపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. తల్లీబిడ్డా బాగున్నంతసేపు ఆలస్యం జబ్బు కాదు. అదే బొడ్డుతాడు ముందు జారితే నిమిషాలే లెక్క, అప్పుడు కత్తే ప్రాణదాత. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పరుగెత్తాలో రెండూ ఒకే మనిషికి తెలియడం ఏళ్ళ తరబడి చేస్తే వచ్చే విద్య.

తల కనిపించే వేళ మరీ సున్నితం. ఇక ముక్కొద్దు, ఊపిరి ఊదమ్మా అని తల్లికి చెబుతూ, తల ఒక్కసారిగా తోసుకురాకుండా చేత్తో మెల్లగా కాస్తారు. ఆ చేయి లాగదు, నెట్టదు.

ఎవిటా ఫెర్నాండెజ్‌లో నేను అన్నిటికంటే గౌరవించేది, ఈ విద్యను డాక్టర్ల దగ్గరే దాచిపెట్టకపోవడం. 2011లో తమ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసిరాగా, సర్కారు దవాఖానల నుంచి 30 మంది నర్సులు 18 నెలల శిక్షణకు వచ్చారు. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. మన పాత మంత్రసానులకు ఓపిక ఉండేది, రక్తం ఆపే ఇంజెక్షన్ ఉండేది కాదు. వీళ్ళకు రెండూ ఉన్నాయి. బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇవ్వడమూ తెలుసు, బొడ్డు కోయడానికి కనీసం నిమిషం ఆగడమూ తెలుసు.

లక్సెట్టిపేటలో తొలిచూలు పిల్లకు అర్ధరాత్రి నొప్పులొచ్చి మంచిర్యాల దారి పట్టినప్పుడల్లా నాకు ఒకటే ఆశ. ఆ దారి చివర, పొట్టమీద చేయి వేసి గడియారం చూస్తూ, తెల్లవార్లూ ఆమె పక్కనే కూర్చునే మనిషి ఒకరుండాలి.