ఖాళీ వాడలో ర్యాంకులు

యుద్ధం గేములు పిల్లల్ని పాడుచేస్తున్నాయా లేదా అనే చర్చ ఎప్పుడు వచ్చినా తల్లిదండ్రుల బెంగ దగ్గరే ఆగిపోతోంది. మేము అడగదలుచుకున్న ప్రశ్న వేరు. కథలో ఎవరికి పేరుంది, ఎవరు గుంపులో ఒకరుగా మిగిలారు, ఎవర్ని ఖాళీ చేయించి కథ నడుస్తోంది అని అడగడం దళిత విమర్శ మనకు నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని నవలల దగ్గరే ఆపేస్తే చాలదు. మన హాస్టళ్ళలో, మన వాడల్లో కుర్రాళ్ళు నవల ముందు కంటే ఎక్కువసేపు కూర్చుంటున్న కథ ఇప్పుడు ఇదే.

2007లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడరన్ వార్‌ఫేర్’నే తీసుకుందాం. తయారుచేసింది ఇన్ఫినిటీ వార్డ్, అమ్మింది యాక్టివిజన్. అంతకుముందు ఈ వరుస గేములు రెండో ప్రపంచ యుద్ధం చుట్టూ తిరిగేవి. అమెరికా సైన్యం ఇరాక్‌లో ఉన్న రోజుల్లోనే ఇది ఇవాళ్టి యుద్ధాన్ని తెరమీదికి తెచ్చింది. తరవాతి గేములు చాలావరకు దీన్నే మూసగా పెట్టుకున్నాయి. ఇందులో రెండు భాగాలు. ఒకటి ఒంటరిగా ఆడే కథ. రెండోది నెట్టు మీద పదిమందితో ఆడే పోటీ. ఈ రెంటికీ సంబంధం లేదని ఆడేవాళ్ళు అంటారు. రెంటికీ పునాది ఒకటేనని మా వాదన.

ముందు కథ సంగతి. బ్రిటిష్ ఎస్.ఏ.ఎస్. సైనికుడు సోప్ మక్టావిష్, అమెరికన్ సార్జెంట్ పాల్ జాక్సన్, చాలావరకు వీళ్ళ కళ్ళే మన కళ్ళు. తోటి సైనికుడి వైపు తుపాకీ తిప్పితే వాడి పేరు తెరమీద కనబడుతుంది. వాణ్ణి కాలిస్తే ఆట అక్కడే ఆగిపోతుంది. శత్రువు వైపు తిప్పితే ఏ పేరూ రాదు. జాక్సన్ దిగిన దేశం మధ్యప్రాచ్యంలోది అని తెలుస్తుంది, దానికీ పేరు లేదు.

ఆ దేశపు మనిషి కళ్ళతో మనం చూసేది ఒక్కసారే. అతను పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు అల్ ఫులానీ. కారులో పడేసి ఊరంతా తిప్పుతారు. మనం తల తిప్పి చూడగలం, ఇంకేం చేయలేం. చివరికి కాల్చి చంపుతారు. అరబీలో ‘ఫులాన్’ అంటే ‘ఫలానావాడు’ అని. మన ‘ఫలానా’ అక్కణ్ణించి వచ్చిందే. పేరులేని దేశానికి ఫలానా అధ్యక్షుడన్నమాట! ఆ కారు ప్రయాణంలోనే ఊరి జనం కనబడతారు. సైనికులు వాళ్ళని తరుముతుంటారు, గోడకు నిలబెడుతుంటారు. అమెరికన్లు దిగాక అదే ఊళ్ళో తుపాకీ పట్టినవాళ్ళు తప్ప మనిషి ఉండడు. ఇళ్ళుంటాయి, కొట్లుంటాయి, పొయ్యి దగ్గర ఎవరూ ఉండరు.

తరవాత ఆ నగరంలో అణుబాంబు పేలుతుంది. కూలిన హెలికాప్టర్లోంచి జాక్సన్ పాక్కుంటూ బయటికొచ్చి చనిపోతాడు. ఆడేవాడు ఏం చేసినా బతకడు. ఇది బలమైన దృశ్యం, కాదనం. వీరుడు గెలిచి తీరాలనే నియమాన్ని గేమ్ అక్కడ తెంపింది. అయితే పేలింది నగరంలో కదా, ఆ నగరంలో ఎంతమంది ఉన్నారు? 2009లో వచ్చిన రెండో భాగంలో జనరల్ షెపర్డ్ తన పగకు కారణం చెబుతాడు: కన్ను మూసి తెరిచేలోగా 30,000 మంది సైనికుల్ని పోగొట్టుకున్నాడట. సైనికుల లెక్క ఉంది. ఊరివాళ్ళ లెక్క ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇక పోటీ. ఇక్కడ అందరూ 1వ ర్యాంకుతోనే మొదలు. ఒకణ్ణి కూల్చగానే +10 అని మెరుస్తుంది. పాయింట్లు పోగైతే గిటార్ మోగుతుంది, ర్యాంకు పెరుగుతుంది, కొత్త తుపాకీ వస్తుంది. ఒకే తుపాకీతో 25 మందిని చంపితే దానికి ఎర్రచుక్క గురి, 75 మందిని చంపితే సైలెన్సర్. 55వ ర్యాంకుకు చేరితే బంగారు పిస్తోలు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్లలో అయితే దాని తరవాత ‘ప్రెస్టీజ్’ అనే మెట్టుంది. సంపాదించిందంతా వదిలేసి మళ్ళీ 1కి దిగాలి. దక్కేది పేరు పక్కన ఒక కొత్త గుర్తు. అలా 10 సార్లు.

ఇందులో ఆకర్షణ ఏముందని కొట్టిపారేయడం తేలిక. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్ళం కనుక మాకు ఆ ఆకర్షణ బాగానే అర్థమవుతుంది. ఇక్కడ ఇంటిపేరు అడగరు. మీ నాయన ఏం చేస్తాడని వైవాలో కూర్చోబెట్టి అడగరు. చేసిన పనికి లెక్క ఆ క్షణమే కళ్ళముందు పడుతుంది, ఎవడూ మింగలేడు. ఇంటర్నల్ మార్కులు ఎట్లా పడతాయో తెలిసినవాడికి ఆ +10 ఎంత న్యాయంగా అనిపిస్తుందో వేరే చెప్పాలా? మనోళ్ళని తిట్టేముందు ఈ న్యాయం కోసం ఉన్న దాహాన్ని గుర్తించాలి.

నిజమైన సైన్యంలో ఆ మొదటి మెట్టే అందరికీ దొరకలేదు. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు. 1890ల్లో ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం చెప్పి మహర్ల భర్తీ ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడితే తీసుకున్నారు, అవసరం తీరాక పంపించేశారు. మహర్ రెజిమెంట్ ఏర్పడింది 1941లో. ఈ చరిత్ర ఉన్నవాళ్ళకి అందరికీ తెరిచిన నిచ్చెన అంటే చిన్న విషయం కాదు.

కానీ నిచ్చెన ఎక్కనివ్వడం ఒకటి, నిచ్చెనను ఎక్కడ పాతారన్నది ఇంకొకటి. ఈ పోటీలో ప్రత్యర్థికి పేరుంటుంది, చచ్చినా మళ్ళీ లేచొస్తాడు. వాళ్ళిద్దరి మధ్యా అది ఆటే. మరి వాళ్ళు కొట్లాడుకునే చోటు? ఇళ్ళు, సందులు, బజార్లు, మేడమీది గదులు. అన్నీ ఎవరో బతికిన జాగాలు, ఒక్కరూ లేరు. అడ్డంగా ఒక ముసలమ్మ నడిచొస్తే +10 లెక్క చెడిపోతుంది. అందుకే కథ ముందుగానే ఊరు ఖాళీ చేసిపెట్టింది, పోటీ ఆ ఖాళీలో ర్యాంకులు పంచుతోంది. వాడ ఖాళీ అవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1985లో కారంచేడు నుంచి చీరాల శిబిరానికి, 1991లో చుండూరు నుంచి తెనాలికి నడిచిన జనం మనవాళ్ళే.

ఖాళీ చేయడమంటే మనుషుల్నే కాదు, జ్ఞాపకాన్ని కూడా. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి బస్రాకు వెనక్కి మళ్ళుతున్న ఇరాకీ వాహనాల వరుస మీద అమెరికా కూటమి విమానాలు బాంబులు కురిపించాయి. ఆ దారికి ‘మృత్యు రహదారి’ అని పేరొచ్చింది. 2019 నాటి ‘మోడరన్ వార్‌ఫేర్’ అదే పేరుని ఉర్జిక్‌స్తాన్ అనే కల్పిత దేశంలోకి తెచ్చి, బాంబులు వేసింది రష్యన్లని చెప్పింది. పేరు ఉంచుకున్నారు, నేరాన్ని చేతులు మార్చారు.

ఈ పద్ధతిని ప్రశ్నించిన గేములు లేవా అంటే ఉన్నాయి. 2012 నాటి ‘స్పెక్ ఆప్స్: ది లైన్’లో ఆడేవాడి చేతే తెల్ల భాస్వరం వేయించి, కాలిపోయిన జనాన్ని చూపిస్తారు. కానీ కథ అక్కణ్ణించి ఆ అమెరికన్ అధికారి మనోవేదన వెంటే పోతుంది. చచ్చినవాళ్ళు అతని పశ్చాత్తాపానికి సామగ్రి. ఈ రకం కథ మనకు కొత్త కాదు. దళితుడి బాధ పెద్దింటి సంస్కర్త మనసు కరగడానికి పనికొచ్చి ముగిసే కథలు మనం చాలా చదివాం. 2014లో పోలండ్ నుంచి వచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ మాత్రం దారి మార్చింది. సరయెవో ముట్టడి నుంచి ప్రేరణ పొందిన ఆ గేమ్‌లో మనం ఆడేది సైనికుల్ని కాదు, ముట్టడిలో చిక్కిన మామూలు మనుషుల్ని. వాళ్ళకి పేర్లున్నాయి, ఆకలుంది, చస్తే మళ్ళీ లేవరు. ర్యాంకులు లేవు. మనుషుల్ని ఊళ్ళోకి తిరిగి తెచ్చాక ర్యాంకుకు చోటు దొరకలేదు.

కనుక ‘మనవాళ్ళకి కూడా తెరమీద ఒక వీరుడు కావాలి’ అనే కోరిక దగ్గర మన విమర్శ ఆగకూడదు. రేపు ఒక దళిత సైనికుణ్ణి కథానాయకుణ్ణి చేసినా అతను నడిచే వీధి ఖాళీగానే ఉంటే మనకు ఒరిగేదేమీ లేదు. తరగతిలో కథ చెప్పే ఉపాధ్యాయులు, రాత్రి ఆడే విద్యార్థులు ఈ గేముల్ని కూడా పాఠంగా పెట్టుకుని చదవాలి. ర్యాంకు పెరిగి గిటార్ మోగినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఇళ్ళలో ఉండాల్సినవాళ్ళు ఎక్కడికి పోయారు?