బ్రూక్స్ గారి పత్తి చేను

ఫ్రెడ్ బ్రూక్స్ ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ 1975లో వచ్చింది. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించి, ఆ దెబ్బలన్నీ తిన్నాక రాసిన పుస్తకం. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా జనాన్ని దింపితే మరింత ఆలస్యమవుతుందన్న మాట మా ఆఫీసుల్లో అందరికీ నోటికొచ్చు. పాటించే మేనేజర్ని మాత్రం నేనింకా చూళ్ళేదు.

నన్ను ఆపింది ఆ మాట కాదు, దాని పక్కనున్న ఉదాహరణ. మనుషుల్ని పెంచితే రోజులు తగ్గే పనులేవో చెబుతూ ఆయన గోధుమ కోతనీ, పత్తి ఏరడాన్నీ చూపిస్తాడు. వాటిలో ఒకరితో ఒకరికి మాటల అవసరం ఉండదట. మాది ప్రత్తిపాడు వైపు. అక్కడ నవ్వొచ్చింది.

పత్తి కాయలన్నీ ఒక్కసారే పగలవు. మూడు నాలుగు తీతలు పడతాయి. ఏ చేను ముందు తియ్యాలి, మంచు ఆరిందా లేదా, ఎండాకు అంటకుండా ఎలా ఏరాలి, ఇవన్నీ కూలీల ముఠాలో పెద్దామె చూసుకుంటుంది. కిలోకింత అని కూలీ కడితే చేతులు వేగంగా ఆడతాయి, పత్తిలో ఆకూ పెరుగుతుంది. ఆ నష్టం సాయంత్రం తూకంలో కనబడదు. కొనేవాడు గుప్పెడు తీసి విప్పి చూసినప్పుడు బయటపడుతుంది.

పుస్తకంలో నాకు లోటనిపించిందీ ఇక్కడే. బ్రూక్స్ బెంగ ఎక్కువగా ఆలస్యం గురించి. మన దగ్గర కొన్ని వ్యవస్థలు చెప్పిన తేదీకే వచ్చి కూలతాయి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. ప్రాసెసింగ్ ఒక ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేరుది. పరీక్ష రాసినవాళ్లకి ఆబ్సెంట్ అని పడింది. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా. నిజానికి ఆ సున్నా ప్రోగ్రాం తప్పు కాదు: దిద్దినవారు బబుల్ తప్పు నింపారు, సరిచూడాల్సినవారు గమనించలేదు. కానీ దాన్ని ఆపి అడిగిన గేటు దారిలో ఒక్కటీ లేకపోయింది. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. త్రిసభ్య కమిటీ వేశారు. ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు మందికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించారు.

బ్రూక్స్‌కి అన్యాయం చేయకూడదు. మొత్తం సమయంలో సగం టెస్టింగుకే ఉంచమన్నాడు, కోడింగుకి ఆరో వంతే. తేదీ ముందే ప్రకటించేశాక కోసేది మాత్రం ఆ సగాన్నే. నేను పనిచేసిన ఒక గో-లైవ్‌లో మూడు వారాల టెస్టింగు నాలుగు రోజులైంది. ఓకే అని మెయిలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.