తొట్టికి తోడు

ఒక ఆదివారం పొద్దున్న నాకు శుభ్రం పూనింది. హాల్లో టీవీ పక్కనున్న చేపల తొట్టి మూత తీసి, ఫిల్టర్ విప్పి, అందులోని స్పాంజిని వంటింటి పంపు కింద పెట్టి పిండాను. గోధుమరంగు బురద కారింది. పిండినకొద్దీ కారుతూనే ఉంది. ఇంత మురికిని కడుపులో పెట్టుకుని ఇది నీళ్లెలా శుభ్రం చేస్తోందా అని ఆశ్చర్యపోయి, తెల్లనీళ్లు దిగేదాకా ఉతికాను. పనిలో పనిగా అడుగున పరిచిన గులకరాళ్లను బకెట్లో పోసి, బియ్యం కడిగినట్టు నాలుగు నీళ్లు పెట్టి కడిగాను. పాత నీళ్లన్నీ బాల్కనీ మొక్కలకు పోసి తొట్టి నిండా కొత్తనీళ్లు పట్టాను. సాయంత్రం లైటు వేస్తే తొట్టి దుకాణంలో పెట్టినట్టు మెరిసింది. ఇంటికొచ్చినవాళ్లు బాగుందన్నారు కూడా.

మంగళవారం పొద్దుటికి మూడు గప్పీలు, ఒక మోలీ పోయాయి. గురువారానికి ఇంకో రెండు. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

ఇది ఆరేళ్ల కిందటి సంగతి. చేపలు పెంచేవాళ్లలో ఈ తప్పు చేయనివాళ్లు తక్కువ. చేసి ఒప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. "షాపువాడు రోగం చేపలిచ్చాడు" అనేస్తాం. నేనూ అదే అన్నాను, మా పెదమామయ్య వచ్చేదాకా.

మామయ్యకు భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. పెళ్లిపని మీద హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగారు. మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకునే తొట్టి దగ్గరకెళ్లి నిలబడ్డారు. మిగిలిన చేపలు పైకొచ్చి, మూతులెత్తి, గబగబా మొప్పలాడిస్తున్నాయి.

"తేలిపోతున్నాయిరా అల్లుడూ ఇవి. ఏం చేశావు?"

"ఏం చేయలేదు మామయ్యా. మొన్ననే మొత్తం శుభ్రం చేశాను. చూడండి, నీళ్లెంత తేటగా ఉన్నాయో."

"తేటగా ఉంటే? అమోనియా కళ్లకి కనపడుద్దా?" అన్నారు. "మా చెరువు నీళ్లు చూస్తే నువ్వు కాళ్లు కూడా కడుక్కోవు. అందులోనే పెరుగుద్ది రొయ్య."

తేటదనాన్ని నమ్మడం మనకు పాత అలవాటు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు కుండలో ఇండుపగింజ అరగదీసి, బురద అడుగున పేరుకున్నాక పైతేట వాడుకునేవాళ్లు. చిల్లగింజ అని కూడా అంటారు దాన్ని. చక్కటి ఉపాయం, బురద వరకు. నీళ్లలో కరిగిపోయినదాన్ని మాత్రం ఆ గింజా దించలేదు, దుకాణంలో అమ్మే తెల్ల దూదీ పట్టలేదు. తొట్టిలో చేపల ప్రాణం తీసేది ఆ కరిగి ఉన్నదే.

చేప ఒంట్లో తయారయ్యే అమోనియా ఎక్కువ భాగం మొప్పల్లోంచే నేరుగా నీళ్లలోకి వచ్చేస్తుంది. తినగా మిగిలిన మేత, పెంట, రాలిన ఆకులు కుళ్లి మరికొంత ఇస్తాయి. నదిలో అయితే కొట్టుకుపోతుంది. మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు 56 లీటర్లు. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 లీటర్లు. అందులోంచి అదెక్కడికి పోతుంది? దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు ఉండాలి. కొన్ని అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది, మితిమీరనంతవరకు, సాధువు. ఈ జీవులు నీళ్లలో ఊరికే తిరగవు. గట్టిగా ఉన్న దేన్నైనా కరుచుకుని జిగురులా పేరుకుంటాయి. స్పాంజి కన్నాల్లో, గులకరాళ్ల ఒంటిమీద, గాజుగోడల మీద వాటి కాపురం. ఆ ఆదివారం నేను సింకులో పారబోసింది మా తొట్టి పారిశుద్ధ్య సిబ్బందిని. మిగిలిన కొద్దిమంది సంగతి కుళాయి నీళ్లలోని క్లోరిన్ చూసుకుంది.

దానికి తోడు మా అపార్టుమెంటు సంపులో మున్సిపల్ నీళ్లూ బోరు నీళ్లూ కలిసిపోతాయి. పీహెచ్ 8 చూపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్న నీళ్లలో, మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది సుమారు 0.6 శాతం. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే అదే అమోనియా, ఇంచుమించు పదింతల విషం.

మామయ్య ఆ పూట సగం నీళ్లు మార్పించారు, హైపో పలుకులు వేసి క్లోరిన్ విరిచిన నీళ్లతో. గుప్పెడు కాదు, కొలిచి ఒక చెంచా కల్లుప్పు వేయించారు. నైట్రైట్ చేప రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. ఉప్పులోని క్లోరైడ్ ఆ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే చాలావరకు ఆపుతుంది. మేత మూడు రోజులు బంద్. తర్వాత సోఫాలో కూర్చుని ఆయనన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "పెరుగు గిన్నె తళతళా తోమేసి, తోడు కోసం పక్కింటికి పోయినట్టుందిరా నీ పని."

తోడు! ఫిల్టర్ల గురించి నేను చదివిన పేజీలన్నీ ఆ ఒక్క మాటతో అర్థమయ్యాయి. కాకపోతే పెరుగు రాత్రికి రాత్రి తోడుకుంటుంది. ఈ జీవులు బద్ధకపువి. ఒకటి రెండు కావడానికే దాదాపు రోజు పడుతుంది. కొత్త తొట్టిలో ఫిల్టర్ తనంతట తాను తోడుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ లోపలే మనం షాపుకెళ్లి డజను చేపలు కొనుక్కొస్తాం.

ఈ తోడు వ్యవహారాన్ని మొదట కనిపెట్టింది ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు, ష్లోసింగ్, ముంట్జ్. 1877 నాటి ముచ్చట. ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోకి మురుగునీళ్లను చుక్కలు చుక్కలుగా వదిలారు. సుమారు 20 రోజులు ఏమీ జరగలేదు. ఆ తర్వాత కింద దిగే నీళ్లలో అమోనియా పోయి నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే ఆగిపోయింది. దాన్ని పోగొట్టి, కాస్త తోటమట్టి కలిపిన నీళ్లు పోస్తే మళ్లీ మొదలైంది. అంటే పని చేస్తున్నది ఇసుక కాదు, ఇసుకను పట్టుకున్న ప్రాణం. తోటమట్టి నీళ్లు వాళ్ల తోడు.

ఇంకొక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్, గాజుపాత్రలో గోల్డ్‌ఫిష్, నీటిమొక్క, నత్తలు కలిపి పెడితే నీళ్లు మార్చకుండానే బతుకుతాయని కెమికల్ సొసైటీకి నివేదించాడు. ఇంటి తొట్టికి ఆయన్ని ఆద్యుల్లో ఒకడనుకోవచ్చు. ఆయన కొడుకు పేరూ రాబర్ట్ వారింగ్టనే. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నత్రజని మీద పనిచేసి, ఈ మార్పు రెండు మెట్లలో జరుగుతుందని, ఒక్కో మెట్టుకు వేరే జీవులున్నాయని చూపించాడు. తండ్రి మొక్కనూ నత్తనూ లెక్కలోకి తీసుకున్నాడు. లెక్కకు రాని మూడో పనివాణ్ని కొడుకు పట్టుకున్నాడు.

సరే, మా హాల్లోకి వద్దాం. ఫిల్టర్ మెరుగుపరచాలనుకోగానే ఎవరైనా చేసేది పెద్ద మోటరు కొనడం. నేనూ కొన్నాను. పెట్టె మీద గంటకు 600 లీటర్లని రాసి ఉంటుంది. ఆ అంకె స్పాంజి లేకుండా, ఎత్తు లేకుండా, కొత్త మోటరుకు వచ్చేది. ఇంట్లో అంత రాదు. వచ్చినా చిన్న తొట్టిలో దాని పోటుకు గప్పీలు వరదలో గడ్డిపరకల్లా కొట్టుకుపోతాయి. పైగా అంత పెద్ద మోటరుకు లోపల అగ్గిపెట్టెంత స్పాంజి. పది వీధులు ఊడ్చే బండి కొని, దానికి ఒక్క మనిషిని పెట్టినట్టు.

నా తొట్టిని మార్చింది గాలిపంపుతో నడిచే సాదా స్పాంజి ఫిల్టర్. అందులో తిరిగే భాగమే లేదు. గొట్టంలోకి బుడగలు వదిలితే గొట్టంలోని నీళ్లు తేలికై పైకి లేస్తాయి, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్లు స్పాంజిలోంచి దూరి వస్తాయి. నీళ్లు వడగట్టడం, ఊపిరి పోయడం, రెండూ ఒకే బుడగ పని. ఈ ఊపిరి చేపలకే కాదు. ఒక గ్రాము అమోనియా నత్రజని నైట్రేట్ కావాలంటే సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాములదాకా ఆక్సిజన్ పట్టి ఉంచగలవు, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరే. మన మే నెలలో తొట్టి నీళ్లు 30 దాటకుండా ఉంటాయా? రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు తిప్పేది ఊరికే కాదు.

రెండోది, పైన పెట్టుకునే డబ్బా. వంటింట్లో మూత విరిగిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని అడుగున కన్నాలు పెట్టాను. పాత మోటరు నీళ్లు అందులోకి ఎక్కిస్తుంది, అవి కారి తొట్టిలో పడతాయి. ముందు గరుకు స్పాంజి, తర్వాత తెల్ల దూది, అడుగున గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఉండలు. సబ్బు తగలని కొత్తవి. ఖరీదైన పింగాణీ రింగులు పెట్టినా తప్పు లేదు, కానీ నా ఉండలు ఆరేళ్లుగా పనిచేస్తున్నాయి. వరస మాత్రం తప్పకూడదు. మొదట్లో దూది పైన పెట్టాను. నాలుగు రోజుల్లో పూడుకుపోయి నీళ్లు డబ్బా అంచు దాటి కారాయి. బొగ్గు సంచి మానేశాను. మందు వాడాక నీళ్లలోంచి దాన్ని లాగేయడానికి పనికొస్తుంది గానీ, కొన్ని వారాలకు దాని శక్తి అయిపోతుంది.

గాలిపంపు తొట్టి కంటే కింద పెట్టేవాళ్లు గొట్టం మధ్యలో నాన్-రిటర్న్ వాల్వ్ తప్పక వేసుకోండి. ఒకసారి కరెంటు పోయిన గంటలో నీళ్లు వెనక్కి పారి, పంపులోంచి కారి, మా ఆవిడ పుస్తకాల అర తడిపాయి. ఆ పుస్తకాల సంగతి ఇప్పటికీ మా ఇంట్లో వస్తూంటుంది.

చివరికి మిగిలే నైట్రేట్‌ను ఏ స్పాంజీ ఏమీ చేయదు. దానికి వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడమే. ఇంకా మనీ ప్లాంట్. కాండం పైన, వేళ్లు డబ్బా నీళ్లలో ఉండేలా వేలాడదీశాను. కిటికీ దగ్గర సీసాలో ఏడాదికి రెండు ఆకులు వేసిన తీగ ఇక్కడ గోడెక్కి ఫ్యాను దాకా పోయింది. అది తిన్నదంతా చేపలు విడిచిందే.

మామయ్య ఆ తర్వాత వచ్చినప్పుడు ఇదంతా చూసి "బానే ఉంది" అని, నేను మేత వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. రొయ్యల చెరువుల్లో చెక్ ట్రేలని ఉంటాయి. మేత వేసి నీళ్లలోకి దించి, రెండు గంటలాగి పైకి తీసి ఎంత మిగిలిందో చూసి, మరుసటి పూట మేత తగ్గిస్తారు, పెంచుతారు. "నువ్వు వేసేది చేపల ఆకలికా, నీ ముచ్చటకా?" అని అడిగారు. అప్పటి నుంచి రెండు నిమిషాల్లో తినేసేంతే వేస్తున్నాను. ఇరవై చేపలు పద్నాలుగయ్యాయి, కావాలనే. మోటర్లన్నిటికంటే ఈ రెంటివల్లే నీళ్లు బాగుపడ్డాయని నా లెక్క.

ఇప్పుడు తొట్టిలో రెండు స్పాంజిలున్నాయి. నీళ్లు మార్చే రోజున తీసిన తొట్టి నీళ్లలోనే ఒకదాన్ని ముంచి రెండుసార్లు మెల్లగా పిండుతాను. రెండోదాని జోలికి మళ్లీ వారం దాకా పోను. పంపు కింద పెట్టిన పాపం మళ్లీ చేయలేదు.

మొన్న మూడో అంతస్తు పిల్లవాడు పుట్టినరోజుకు తొట్టి కొనిపించుకుని, "అంకుల్, రెండు గప్పీలిస్తారా?" అని వచ్చాడు. చేపలు తర్వాత ఇస్తానని చెప్పి, స్పాంజి ఒక ముక్క కత్తిరించి తొట్టి నీళ్లున్న డబ్బాలో వేసిచ్చాను. వాళ్లమ్మ ఆ బురద ముక్క చూసి ఏమనుకుందో తెలియదు. మీరూ కొత్తగా తొట్టి పెడుతుంటే, చేపలు ఆరోగ్యంగా ఉన్న ఇల్లు చూసుకుని, ముందు తోడు అడగండి. తడి ఆరకుండా, అదే రోజు తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. కడగకండి.