పట్టు తప్పితే ఎటు?

కాకినాడ తీరం దాటి కాస్త దూరం వెళ్లామంటే సముద్రం అడుగు వందల మీటర్ల నుంచి వేల మీటర్లలోకి జారిపోతుంది. అక్కడ లంగరు వేయాలంటే కిలోమీటర్ల కొద్దీ గొలుసూ మోకూ కావాలి. పైగా అడుగున గ్యాస్ పైపులు, కేబుళ్లు పరుచుకుని ఉంటాయి. లంగరు వాటి మీద పడిందంటే ఇంకేమైనా ఉందా? అందుకే మా ఓడలు లంగరు జోలికి పోవు. ఓడ కింద థ్రస్టర్లు ఎప్పుడూ తిరుగుతుంటాయి. ఎటు తిరగాలో, ఎంత తొయ్యాలో కంప్యూటర్ క్షణక్షణం చెబుతుంది. డైనమిక్ పొజిషనింగ్ అంటే ఇదే. మేం డీపీ అంటాం.

లంగరు లేకుండా నిలబడటం కొత్తేమీ కాదు. 1961లో మోహోల్ అనే డ్రిల్లింగ్ ప్రాజెక్టు కోసం కస్-1 అనే ఓడ మెక్సికో తీరానికి ఆవల, గ్వాడలూప్ దీవి దగ్గర, మూడున్నర వేల మీటర్లకు పైగా లోతున్న నీటిలో నిలబడి అడుగును తొలిచింది. చుట్టూ బోయాలు నిలిపి, రాడార్‌తో సోనార్‌తో వాటిని చూసుకుంటూ నాలుగు ప్రొపెల్లర్లను చేత్తోనే తిప్పారు. అదే ఏడాది షెల్ కంపెనీ యురేకా ఓడలో ఆ పనిని యంత్రానికి అప్పగించారు. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం తవ్వినప్పుడు నిలబడిందీ ఈ విద్యతోనే.

డీపీ ఆపరేటర్ కుర్చీలో కూర్చున్న నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది యంత్రం ప్రవాహాన్ని లెక్కగట్టే తీరు. గాలిని సెన్సర్ కొలుస్తుంది. ఓడ ముఖం ఎటుందో గైరో చెబుతుంది. ఎక్కడున్నామో ఉపగ్రహాలు, అడుగున దించిన ట్రాన్స్‌పాండర్, పక్కనున్న గ్యాస్ ప్లాట్‌ఫాం మీది అద్దానికి తగిలి వెనక్కి వచ్చే లేజర్ చెబుతాయి. ప్రవాహాన్ని మాత్రం మామూలుగా ఏదీ కొలవదు. ఇంత గాలికి, ఇంత తోపుకు ఓడ ఇలా కదలాలని కంప్యూటర్ దగ్గర ఒక లెక్క ఉంటుంది. అలా కదలకపోతే ఆ తేడానంతా ప్రవాహం ఖాతాలో వేస్తుంది.

అందువల్ల తెర మీద కనిపించే ప్రవాహమంతా నీరే అనుకోకూడదు. ప్లాట్‌ఫాం చాటున పడి గాలి సెన్సర్ తక్కువ చూపించినా, దించిన పైపు ఓడను లాగుతున్నా, ఆ తేడా అంతా ప్రవాహం ఖాతాకే చేరుతుంది. మన తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఈశాన్యానికి పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి తిరుగుతుంది. నవంబరులో తెర ఈశాన్యం చూపిస్తుంటే నేను ముందు అనుమానించేది సెన్సర్లనే. ఓడను నడిపే గది, అదే బ్రిడ్జి, దాని రెక్క మీదికి వెళ్లి ఓడ పక్కన నురుగు ఎటు పోతోందో కళ్లారా చూసి వస్తాను. హెలికాప్టర్ దిగేటప్పుడు దాని రెక్కల గాలి సెన్సర్‌కు కొడితే, యంత్రం తుఫాను వచ్చిందనుకుని థ్రస్టర్లను ఎదురు తోస్తుంది. లేని గాలికి ఎదురుతోపు! హెలికాప్టర్ రాకముందే ఆ సెన్సర్‌ను పక్కన పెట్టాలి. ఇది తెలిసిన మనిషి కుర్చీలో ఉండాలి.

ప్లాట్‌ఫాం దగ్గరికి వెళ్లే ముందు కొంత దూరంలో అరగంటసేపు నిలబెట్టి, యంత్రం ఆ పూట సముద్రాన్ని నేర్చుకునేదాకా ఆగుతాం. ఆ అరగంటలో నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే: పవర్ మొత్తం పోతే గాలీ నీరూ మమ్మల్ని ప్లాట్‌ఫాం మీదికి తోస్తాయా, దూరంగా తీసుకుపోతాయా? దూరంగా తీసుకుపోయే వైపే నిలబడాలి. క్రేన్ అవతలి వైపు ఉందనీ, సరుకు అర్జెంటనీ ఒత్తిడి వస్తుంది. అప్పుడు కెప్టెన్‌కు మర్యాదగానే, కానీ గట్టిగా, 'వద్దు సార్' అనగలగాలి. ఒక్క యంత్రం చెడినా పట్టు పోకూడదన్న లెక్కతోనే క్లాస్-2 ఓడలు కడతారు. అయినా ఆ మాట అనాల్సిన బాధ్యత మనిషి మీదే ఉంది.

పట్టు పోతే ఏమవుతుందో ఒక ఘటన చూపించింది. 2012 సెప్టెంబరు 18న ఉత్తర సముద్రంలో బిబ్బీ టోపజ్ ఓడ కింద, సుమారు 90 మీటర్ల లోతులో డైవర్లు పనిలో ఉండగా డీపీ మొరాయించింది. ఓడ కొట్టుకుపోయింది. క్రిస్ లెమన్స్ అనే డైవర్ ప్రాణాధారమైన గొట్టం తెగిపోయింది. వీపున ఉన్న గ్యాసు కొద్ది నిమిషాలకే వస్తుంది. అరగంట పైచిలుకు ఆయన అడుగునే ఉండిపోయాడు. పైన బ్రిడ్జి మీద వాళ్లు థ్రస్టర్లను చేత్తో నడుపుతూ పెనుగులాడారు, వ్యవస్థను ఆపి మళ్లీ లేపి ఓడను వెనక్కి తెచ్చారు. సహచరుడు డేవ్ యువాసా ఆయన్ని డైవింగ్ బెల్‌లోకి చేర్చాడు. లెమన్స్ బతికాడు.

ఆ ఘటన గురించి చదివిన ప్రతిసారీ నాకు మా కుర్రాళ్ల చేతులే గుర్తొస్తాయి. తెర చదవడంలో వాళ్లు దిట్టలు. లివర్లు పట్టించి ఓడను గాలికి అడ్డంగా నిలపమంటే మాత్రం తడబడతారు. తప్పు వాళ్లది కాదు, ఆ అవకాశం మేం ఇవ్వడం లేదు. ఓడను రోజుకింత అని అద్దెకు తీసుకునేవాళ్లకు సాధన కోసం గడిపే గంట దండగలా కనిపిస్తుంది. కింద డైవర్లూ పక్కన ప్లాట్‌ఫామూ లేని ఖాళీ నీటిలో, వారానికొక్క గంట చాలు. ఆ గంటను కాంట్రాక్టులోనే రాయించాలి. మేం అడుగుతూనే ఉన్నాం.