కషాయపు పాళము

కార్తికము దాటి మార్గశిరము ప్రవేశించునప్పటికి, పడమట మహేంద్రగిరి వరుసల నుండి దిగివచ్చు చలిగాలియు, తూర్పున కడలి మీదుగా తేలివచ్చు తేమయు ఒక్కచోట కలిసి, జలంత్రకోట మొదలుకొని పలాస, టెక్కలి పర్యంతము గల ఈ సీమ అంతట తెల్లవారుజామున మంచు కమ్ముకొనును. రహదారిపై లారీలు దీపములు వెలిగించుకొని మెల్లమెల్లగా సాగును. ఆ వారము తిరుగకుండనే ఇంటింట రొంపయు దగ్గును ప్రవేశించును. అప్పుడు పొయ్యిమీదికి కషాయపు గిన్నె ఎక్కును. కషాయము కాచుటను చాలమంది చులుకనగా చూచెదరు; నాలుగు దినుసులు నీళ్ళలో పడవేసి మరిగించుటయే గదా అని వారి అభిప్రాయము. నాకట్లు తోచదు. ఇది పాళమెరిగి చేయవలసిన పని. అందును ఈ సీమలోని మన ఉద్దానమున ఇతర సీమలకంటె ఎక్కువ శ్రద్ధతో చేయవలసిన పని.

దినుసులకు మనకు కొరత లేదు. మందస, మెళియాపుట్టి ప్రాంతపు కొండల నుండి సవర గిరిజనులు తేనెయు, చింతపండును, కొండచీపుళ్ళును సంతలకు తెచ్చెదరు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థయు అట్టి తేనెను కొని సీసాలకెత్తి విక్రయించుచున్నది. పిప్పళ్ళును, వాటి వేరైన మోడియు విశాఖ మన్యము నుండి వచ్చును. తులసి ముంగిట ఉండును, వామాకు పెరటి తొట్టిలో ఉండును, అడ్డసరము దడిలో ఉండును. పశువులు నోరు పెట్టవు గనుక దడికి దానిని మించిన మొక్క లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరితోటలను, జీడితోటలను, పనసచెట్లను కూలద్రోసినది. కొబ్బరి మరల కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును గాని, దడిలోని అడ్డసరము వేరునుండి తిరిగి చిగిర్చుటకు ఎక్కువ కాలము పట్టదు.

శొంఠి ఎండిన అల్లమే ఐనను గుణమున రెండును ఒకటి గావు. పైతోలు గీకి ఎండబెట్టినపుడు అల్లములోని జింజరాల్ అను ఘాటు పదార్థము నీటిని కోల్పోయి షోగాల్‌గా మారును. దీని ఘాటు దానికి రెట్టింపునకు పైమాటయే. అందుచేతనే పచ్చి అల్లము వేయుచోట అదే తూకము శొంఠి వేసినచో గొంతు మండిపోవును. శొంఠిని సన్నని సెగపై, మాడనీయక, వాసన పైకి వచ్చువరకు వెచ్చజేసి, రోట దంచి, పలుచని గుడ్డతో వస్త్రకాళితము పట్టి గుండ చేయవలెను. జల్లించని గుండలోని పీచు గొంతుకు తగిలి, ఏ దగ్గును అణచుటకు త్రాగుచున్నామో ఆ దగ్గునే రేపును. మిరియములు కచ్చాపచ్చాగా నలిగిన చాలును. శార్ఙ్గధర సంహిత చెప్పిన కొలత ఒకపాలు మందునకు పదునారు పాళ్ళు నీరు. అది ఎనిమిదవ వంతునకు దిగువరకు కాచవలెను. ఇండ్లలో ఇంత చిక్కగా కాచువారు అరుదు. సగమునకు దింపుదురు, రొంపకు అదియే చాలును. వేళ్ళు, గింజలు, బెరడులు మొదట వేయవలెను. తులసి, వామాకు మాత్రము పొయ్యి ఆర్పిన పిదప వేసి మూత పెట్టవలెను, ఏలయన వాటి సారము ఆవిరితో లేచిపోవు తైలమునందే ఉన్నది. ఇల్లంతయు ఘుమఘుమలాడుచున్నదనగా గిన్నెలో ఉండవలసినది గాలిపాలగుచున్నదని అర్థము. తేనె అన్నిటికంటె కడపట, కషాయము గోరువెచ్చనకు దిగిన తరువాతనే కలుపవలెను.

మా వీధిలో ఒక ముసలమ్మ కోడలికి చెప్పుచుండగా వింటిని: "ఒలే, పిప్పలి రెండంటే రెండే ఎయ్యి. మూడోది ఎయ్యకు, గుంటడికి ఏడి సేస్తాది." ఆమె ఏ గ్రంథమును చదివినది కాదు. ఐనను పిప్పలిని, క్షారమును, లవణమును అతిగా వాడరాదని చరకుడు ప్రత్యేకించి హెచ్చరించినది ఈ మాటనే. ఏది వేయవలెనో తెలిసినవారు ఊరికి పదిమంది ఉందురు. ఎక్కడ ఆపవలెనో తెలిసినవారే అరుదు.

ఈ మందులు వట్టి నమ్మకములని కొట్టివేయుటయు తగదు. అడ్డసరపు ఆకులోని వాసిసిన్ అను పదార్థమును ఆధారముగా గొనియే రసాయన శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్‌ను నిర్మించిరి, దానినుండి ఆంబ్రాక్సాల్ పుట్టినది. కఫము కరుగుటకని మనము అంగడిలో కొను సిరప్పులు పెక్కింట ఉన్నవి ఇవియే. (గర్భిణులకు మాత్రము అడ్డసరము ఈయరాదు, గర్భాశయమును సంకోచింపజేయు గుణము దానికి కలదు.) తేనె గొంతును ఊరడించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో పిల్లల దగ్గు మందులను గూర్చి ప్రకటించిన పత్రమునందు పేర్కొన్నది.

ఇక ఉద్దానపు మాట. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి, మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారిని సైతము, పొలముపని చేసికొని బ్రదుకువారిని సైతము కబళించుచున్నది; కారణము నేటికిని నిర్ధారితము కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. వ్యాధికి మూలమేదైనను, నొప్పిమాత్రలు మూత్రపిండమునకు చేరు నెత్తురును తగ్గించుననియు, అదివరకే నీరసించిన మూత్రపిండమును అవి మరింత క్రుంగదీయుననియు వైద్యులు ఏకకంఠముగా చెప్పుచున్నారు. మన అలవాటో? తోటలో పని ముగించి, ఒళ్ళునొప్పులతో, దిబ్బడవేసిన ముక్కుతో, దారిలోని మందుల దుకాణమున ఆగి "రొంపకొక మాత్ర ఈయి బాబూ" అని అడుగుట. చీటి లేకయే చేతికి వచ్చు ఆ మాత్రలో డైక్లోఫెనాక్ ఉండవచ్చును, ఐబుప్రోఫెన్ ఉండవచ్చును, నిమెసులైడ్ ఉండవచ్చును, పుచ్చుకొనువారికి తెలియదు. రొంప వైరస్ వలన వచ్చునది, వారము పది దినములలో తనంతట తానే పోవునది. మాత్ర దానిని ఒక్క దినము ముందుగా పంపలేదు. తానై పోవు జబ్బుకొరకు, పోయిన తిరిగిరాని అవయవమును పణమొడ్డుట ఏమి న్యాయము? కషాయము రోగమును నిర్మూలించునని నేననను. అది గొంతును తడుపును, కఫమును వదులుచేయును, మనిషిని రెండు పూటలు ఇంటిపట్టున కూర్చుండబెట్టును, దుకాణపు మెట్టు ఎక్కకుండ ఆపును. ఉద్దానమున ఈ కడపటి గుణమే దాని గొప్ప గుణము.

సీసామందు మాత్రము నిర్భయమైనదా? 1937లో అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన ఒక ద్రవౌషధము త్రాగి నూరుమందికి పైగా మరణించిరి. ఆ విషమే 2022లో గాంబియాలో పసిపిల్లలను పొట్టన పెట్టుకొన్నది; 2025లో మన దేశముననే, మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున, దగ్గుమందు త్రాగిన ఇరువదిమందికి పైగా పిల్లలను బలిగొన్నది. ప్రతిచోటను ఆ విషము మొదట చెరచినది మూత్రపిండములనే. ఈ సంగతి వినిన ఉద్దానపు తల్లి గుండె ఎట్లు కొట్టుకొనునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఐతే ఇంటి మందులో విషమేమున్నదని నిశ్చింతగా ఉండుటయు ప్రమాదమే. డయాలిసిస్ చేయించుకొనువారికి దినమునకింత నీరని కొలత కలదు, కషాయమును ఆ కొలతలోనిదే. కొబ్బరినీళ్ళలోను, బెల్లములోను పొటాషియము మెండుగా ఉండును గనుక, కొబ్బరిచెట్ల నడుమ పుట్టి పెరిగినవారికే ఆ నీళ్ళు కూడని వస్తువైనవి. అతిమధురము రక్తపుపోటును పెంచును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. బొటులిజమను ప్రాణాంతక వ్యాధికి అది దారి తీయవచ్చును. కొబ్బరినూనెలో కర్పూరము కాచి రొమ్మున రుద్దు వాడుక మనయందు విస్తారముగా ఉన్నది గాని, పసికందులకు కర్పూరము మూర్ఛలు తెప్పించగలదు. పేరు లేని పొట్లములలో అమ్ముడుపోవు భస్మములను ఎంతటివారు చెప్పినను మ్రింగరాదు. మరియు పలాస జీడి కార్ఖానాలలో పొగ పీల్చి పీల్చి దగ్గువారికి కషాయము పోయుట పరిష్కారము కాదు. ఆ పొగ బయటికి పోవు దారిని యజమానులు ఏర్పరుపవలెను.

కావున తల్లులారా, కషాయము కాచుడు. కాని బిడ్డ డొక్కలెగురవేసినను, పాలు త్రాగకున్నను, ఏడాది నిండినవాడు నిమిషమునకు 40 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీయుచున్నను, గిన్నె దింపి ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపొండు. పెద్దలలో రెండు వారములు దాటిన దగ్గు రొంప కాదు, క్షయ కావచ్చును. కళ్ళె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగా చేయుదురు.